రేపల్లె: నామార్థ విచారము, ప్రయోగ నిర్ణయము

ఉపక్రమము

ఊరి పేరు ప్రతిదినము పలుకబడునది. అందువలననే దాని యర్థము నెవరును విచారింపరు. విచారించువారు కూడ తొందరపడి యేదో యొక నిర్వచనము చెప్పి తృప్తినొందుదురు. ఈ వ్యాసకర్త యు నట్టి తొందరపాటునకు లోనైనవాడే. సుమారు ఇరువదియైదేండ్ల వయస్సున, పాఠశాలలో సిద్ధాంతకౌముది ముగించి కావ్యప్రకాశము చదువుచున్న కాలమున, రేపల్లెలో జరిగిన యొక సభకు సంస్కృతమున అభినందనపత్రము రచించు భారము నాపై బడినది. ఊరి పేరును సంస్కృతీకరింపవలెనను నుత్సాహముతో 'రే' యనగా రేయి గదా యని తలచి 'నిశాపల్లీ' యని వ్రాసితిని. సభలో చదువగా పండితులెవరును మారుపలుక లేదు. వెనుక వరుసలో కూర్చుండిన వృద్ధుడొకడు మాత్రము లేచి, "అయ్యా, మాది రాత్రి ఊరు కాదండీ, గొల్లల ఊరు" అని చెప్పి మరల కూర్చుండెను. సభ నవ్వినది. నేను నవ్వలేకపోతిని.

మరునాడు తెనాలి వచ్చు రైలులో కూర్చుండి నా తప్పును సమర్థించుకొనుటకు మార్గములు వెదకితిని. గురువుగారి సన్నిధికి పోయి విన్నవింపగా వారు కోపింపక, "పోతనగారి దశమస్కంధము తెఱచి వ్రేతలనెడి మాట యెన్ని తావుల నున్నదో లెక్కించి రమ్ము" అని మాత్రమనిరి. ఆ లెక్క నేటికిని ముగియలేదు. నా పత్రము అచ్చయినది గావున, తరువాతి సంవత్సరములలో ఆ 'నిశాపల్లీ' పదమును మరి యిద్దరు ముగ్గురు తమ పత్రములలో వాడిరి. ఒక తప్పు అచ్చుపడిన పిమ్మట ప్రమాణమగు తీరిది. ఆ ఋణమును తీర్చుకొనుటకే యీ వ్యాసము.

నిర్వచనమునకు కొలమానము

దేశనామములను గూర్చి పాణిని మహర్షి చెప్పినంత సంగ్రహముగా మరియెవరును చెప్పియుండలేదు. అష్టాధ్యాయి చతుర్థాధ్యాయము ద్వితీయపాదమున 67వ సూత్రము మొదలు 70వ సూత్రము వరకు నాలుగర్థములలో దేశనామములు పుట్టునని విధించెను. వీనినే చాతురర్థికములందురు. ఒక వస్తువు ఆ చోట నుండుట మొదటిది. మేడిచెట్లు గల దేశము ఔదుంబరము. ఒకనిచే నిర్మింపబడుట రెండవది. కుశాంబుడు కట్టించినది కౌశాంబి. ఒకరికి నివాసమగుట మూడవది. శిబులు నివసించునది శైబము. ఒకదానికి సమీపమున నుండుట నాల్గవది. విదిశకు చేరువనున్న నగరము వైదిశము.

ఈ నాలుగింటిని సంస్కృతనామములకే పరిమితము చేయనక్కరలేదు. తెలుగునాట ఊళ్ళ పేర్లకును ఇవి చక్కగా సరిపోవును. కృష్ణ పాయల నడుమ నున్న పెసర్లంక మొదటి తెగలోనిది, పిట్టలవానిపాలెము రెండవ లేక మూడవ తెగలోనిది. ఒక నిర్వచనము సమంజసమా కాదా యని తేల్చుటకు ఈ నాలుగర్థములలో నొకదానియందైన నది యిముడునా యని చూడవలెను. ఇమడనిచో ధ్వనిసామ్యమెంత మనోహరముగా నున్నను విడిచిపెట్టవలసినదే.

మూడు పక్షములు

రేపల్లె పేరునకు మూడు నిర్వచనములు సంభవించుచున్నవి.

మొదటిది నేను చేసిన తప్పు. రేయి శబ్దము సమాసమున 'రే' యగుట సత్యమే. రేరాజు, రేపగలు మొదలగునవి యుదాహరణములు. కావున రూపమునకు దోషము లేదు. దోషమర్థమునందున్నది. రాత్రి యొక యూరిలో మాత్రమే యుండునది కాదు. రాత్రి యూరు కట్టింపదు, నివసింపదు. రాత్రికి సమీపమున నూరుండుటయు పొసగదు. పాణిని చెప్పిన నాలుగర్థములలో నొకటియు దీనికి లభింపదు. వ్యాకరణము సరిపోయినంత మాత్రమున నిర్వచనము సరిపోదని ఆనాడు నాకు తెలియలేదు.

రెండవది రేవు శబ్దము నాశ్రయించినది. రేవుపల్లె రేపల్లె యైనదను నీ పక్షమును తేలికగా తీసివేయరాదు. ఇది మొదటి యర్థమునకును నాల్గవ యర్థమునకును సరిపోవును. ఈ ప్రాంతము కృష్ణానది సముద్రమున గలియు భూమి. చేరువనున్న పెనుమూడి చిరకాలము కృష్ణను దాటు రేవుగా నుండినది. నేడచట పులిగడ్డకు పోవు వంతెన కలదు. దక్షిణమున నిజాంపట్నము ప్రాచీనమైన ఓడరేవు. దాని పూర్వనామము పెద్దపల్లి. 1611లో ఆంగ్లేయ వర్తకుల 'గ్లోబు' అను నౌక యిచటికి వచ్చినది. పాశ్చాత్యులు ఆ పేరును పలుకలేక 'పెటపోలి' యని వ్రాసికొనిరి. తీరమున మరికొంత దూరము పోయినచో మోటుపల్లి. కాకతీయ గణపతిదేవుడు 1244లో సముద్రవర్తకులకు అభయశాసన మిచ్చిన రేవది. పల్లెవారనగా చేపలు పట్టువారను నర్థము కోస్తాలో ప్రసిద్ధము. కావున పల్లె యనునది రేవుతో గూడియుండుట యసంభవము కాదు.

అయినను ఈ పక్షమునకు రెండు బాధకములు కలవు. రేవు శబ్దము పూర్వపదముగా నున్న రేవుపట్టణము, రేవుదారి మొదలగు సమాసములలో వుకారము నిలిచియే యున్నది గాని లోపింపలేదు. లోపించినదని యిచట కల్పింపవలసివచ్చును. రెండవది, రేపల్లె పట్టణము నది యొడ్డుననే యున్నది కాదు. రేవు పెనుమూడిది. ఆ రేవు పేరు పెనుమూడికి రాక, కొన్ని మైళ్ళు లోపలనున్న యూరికి వచ్చుట కొంత చిత్రమే.

మూడవది ఆ వృద్ధుడు చెప్పినది. 'వ్రే' యనగా గొల్లలు. వ్రేత యనగా గొల్లవనిత. వ్రేపల్లె యనగా గొల్లపల్లె. ఇవి నిఘంటువులలో నున్న శబ్దములు. బమ్మెర పోతన దశమస్కంధమున గోపికలను వ్రేతలని యెన్నియోచోట్ల పిలిచెను. నందుని మంద వ్రేపల్లె. ఆ వ్రేపల్లెయే జనుల నోట రేపల్లె యైనది. పాణిని మూడవ యర్థమైన నివాసార్థమునకు ఇది యుదాహరణమువలె సరిపోవుచున్నది.

మీమాంసకులు క్లృప్తమును విడిచి కల్పింపరాదందురు. భాషలో సిద్ధముగా నున్న శబ్దము ఒకటి, అదే రూపముతో, అదే సమాసముతో లభించుచుండగా, లోపించిన యక్షరమును కల్పించుకొని మరియొక నిర్వచనము చేయుట గౌరవదోషము. కావున మూడవ పక్షమే బలీయము.

వకారము పోవుట యెట్లు

ఇచట తెలుగు వ్యాకరణము నెరిగినవారు ఆక్షేపణ యొకటి చేయుదురు. అది యుచితమైన యాక్షేపణ. తెలుగున పదాదిసంయుక్తములోని రేఫము సాధారణముగా లోపించి, మొదటి హల్లు నిలుచును. ప్రొద్దు పొద్దైనది, త్రాడు తాడైనది, మ్రాను మానైనది, క్రింద కిందైనది. వకారము విషయమునను వ్రేలు వేలైనది, వ్రేటు వేటైనది, వ్రేలాడు వేలాడైనది. ఈ న్యాయము ననుసరించి వ్రేపల్లె 'వేపల్లె' కావలెను గాని రేపల్లె యెట్లయినది?

సమాధానము వ్రాయు ధాతువునందే యున్నది. వ్రాయు అనునది 'వాయు' కాలేదు, రాయు అయినది. వ్రాత రాత యైనది. వ్రాయసము రాయసమైనది. ఇచట నిలిచినది రేఫము, పోయినది వకారము. కావున వకార రేఫ సంయోగమున రెండు మార్గములును భాషలో కలవు. తక్కిన హల్లులు రేఫముకంటె బలవత్తరములు గావున నిలుచుచున్నవి. వకారము అంతస్థము, రేఫమును అంతస్థమే. రెండును సమానబలము గలవి గావున ఒకచోట నిది, మరియొకచోట నది నిలిచినది. ఇంకొక యూహ కలదు. వేపల్లె యని మిగిలినచో విన్నవారికి వేపచెట్లు గల పల్లె యని తోచెడిది. అర్థభ్రాంతిని తొలగించుటకు భాష రెండవ మార్గమును పట్టెనేమో. ఇది యూహయే గాని ప్రమాణము కాదు. ప్రమాణమేమనగా, వ్రేపల్లె, రేపల్లె అను రెండు రూపములును తెలుగు వాఙ్మయమున, పాటలలో, కథలలో కృష్ణుడు పెరిగిన గోకులమనెడి యొకే యర్థమున వాడబడుచుండుట. అర్థమొకటియై రూపములు సన్నిహితములైనపుడు ఒకటి మరియొకదాని వికారమనుటకు సందేహింపనక్కరలేదు.

'వ్రే' శబ్దమే సంస్కృత 'వ్రజ' శబ్దమునుండి వచ్చినదని కొందరు తలంతురు. వ్రజ శబ్దమునకు గోష్ఠము, మార్గము, సమూహము అను మూడర్థములను అమరసింహుడు నానార్థవర్గమున చెప్పెను. అర్థసామ్యము స్పష్టమే. అయినను ఒక చిక్కు కలదు. తెలుగులోని తద్భవములు ప్రాయికముగా ప్రాకృతముద్వారా వచ్చినవి. ప్రాకృతమున పదాది సంయుక్తరేఫము నిలువదు. మరి తెలుగులోని పదాది సంయుక్తరేఫము పెక్కుచోట్ల స్వదేశీయమే. తమిళమున విరల్ అనునది తెలుగున వ్రేలు, అచట మరమ్ అనునది యిచట మ్రాను. అచ్చునకు తరువాత నుండవలసిన రేఫము ముందునకు జరిగి హల్లుతో గూడుట మన భాషకు సహజము. కావున వ్రేకును వ్రజకును అర్థమైత్రి యున్నదని చెప్పవచ్చును గాని జన్యజనకభావము చెప్పరాదు.

పల్లె యను నుత్తరపదమును చూడవలెను. పల్లియ యనునది పల్లె యగుట, కన్నియ కన్నె, మల్లియ మల్లె, గద్దియ గద్దె యైనట్లే. చెరుకుపల్లిలో పల్లి, రేపల్లెలో పల్లె. ఒకే మండలమున రెండు రూపములును నిలిచియుండుట గమనింపదగినది. సంస్కృతమున పల్లీ శబ్దము చిన్నయూరికి వాడుదురు. అమరకోశము పురవర్గమున ఘోషమనగా ఆభీరపల్లి యని చెప్పబడినది. ఇచట విద్యార్థులు ఒక్క క్షణమాగి ఆలోచింపవలెను. ఆభీరులనగా వ్రేలు, పల్లి యనగా పల్లె. అమరుని ఆభీరపల్లియే మన వ్రేపల్లె.

అలంకారశాస్త్రము చదివిన ప్రతివాడును 'గంగాయాం ఘోషః' అను వాక్యమును వందలమార్లు వల్లించియుండును. ప్రవాహమున పల్లె యుండుట పొసగదు గావున తీరమను నర్థమును లక్షణచే గ్రహించి, శైత్యపావనత్వములు ప్రయోజనములని చెప్పుదుము. ఆ ఘోషమే గొల్లపల్లె. కావ్యప్రకాశమును చేత బట్టుకొని, గంగయొడ్డున నున్న గొల్లపల్లెను గూర్చి దినదినము చర్చించుచు, కృష్ణయొడ్డున నున్న గొల్లపల్లెను 'నిశాపల్లీ' యని వ్రాసినవాని యజ్ఞానమును ఏమనవలెను? శాస్త్రము పుస్తకమునందును, ఊరు కన్నులయెదుటను ఉన్నవి. రెండింటిని కలుపలేకపోతిని.

ఊరు గొల్లలదా, కృష్ణునిదా

రేపల్లె యనగా గొల్లపల్లె యని తేలినపిమ్మట మరియొక ప్రశ్న మిగులును. ఈ యూరికి గొల్లలు నివసించుటచే నా పేరు వచ్చినదా, లేక భాగవతములోని రేపల్లెను తలచుకొని భక్తులు పెట్టిరా? ఈ ప్రాంతమువారిలో మా యూరే కృష్ణుడు పెరిగిన రేపల్లె యని ముచ్చటగా చెప్పుకొనువారు కలరు. ఊరిపక్కన పారునది కృష్ణ. నదికి ఆవలియొడ్డున, సముద్రసంగమమునకు చేరువను హంసలదీవిలో వేణుగోపాలస్వామి ఆలయము. ఇన్ని కలిసిరాగా కథ యల్లుకొనుటలో నాశ్చర్యము లేదు.

కాని నందవ్రజము యమునాతీరమునందలిదని పురాణములే చెప్పుచున్నవి. కృష్ణానదికి ఆ పేరు జలము యొక్క నలుపువలన గాని వాసుదేవునివలన రాలేదు. కృష్ణవేణియని దాని ప్రాచీననామము. భక్తిని గౌరవించుట వేరు, భూగోళమును మార్చుట వేరు.

గొల్లలు నివసించుటచే వచ్చినదనుటకు తెలుగునాట సాదృశ్యములు పుష్కలము. బెజవాడ చేరువను గొల్లపూడి, పిఠాపురము చేరువను గొల్లప్రోలు, నలుమూలల గొల్లపల్లెలు. ఇవన్నియు నివాసార్థమున పుట్టినవే. భేదమొక్కటి. వానిలోని గొల్ల శబ్దము నేటికిని వాడుకలో నున్నది. రేపల్లెలోని వ్రే శబ్దము వాడుకనుండి తొలగి కావ్యములలో మాత్రము మిగిలినది. కావున రేపల్లె యను నామము గొల్లపల్లె లనెడి నామములకంటె పూర్వపు పొరలోనిదై యుండును.

భూమి స్థితియు దీనిని బలపరచుచున్నది. నేడు ఈ ప్రాంతమును చూచువానికి వరిమడులును కాలువలును తప్ప వేరు కనబడవు. ఈ పచ్చదనము ప్రాచీనము కాదు. బెజవాడ యొద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియైనది. దానికి పూర్వము గుంటూరు మండలము 1833 నాటి ఘోరమైన కరవును చూచినది. కాలువలు రాకపూర్వము ఇచటి బ్రతుకు వానను, మెట్టపైరును, పశువును నమ్ముకొనినది. ఒంగోలు జాతి పశువులకు పుట్టినిల్లు ఈ కోస్తాభూమియే. అట్టి బీడుభూములలో నొక గొల్లపల్లె యుండుట సహజము. కాలువ వచ్చి బీడు మడియైనది, మంద తరలిపోయినది, పేరు మిగిలినది.

మంద పోయినపిమ్మట పేరేల యుండవలెను? ఈ ప్రశ్నకును పాణినియే సమాధానము చెప్పెను. ప్రథమాధ్యాయము ద్వితీయపాదమున 53 మొదలు 55 వరకు గల సూత్రములలో నామములు లోకసిద్ధములే గాని నిర్వచనముచే నిలుచునవి కావని నిర్ణయించెను. నిర్వచనమే ప్రమాణమైనచో, ఆ సంబంధము తొలగినపుడు నామమును తొలగవలెను. పంచాలక్షత్రియులు లేని కాలమునను పంచాలదేశమని జనులు వాడుచునే యున్నారు. అట్లే వ్రేలు లేకున్నను రేపల్లె రేపల్లెయే. పుట్టుకలో యౌగికము, వాడుకలో రూఢము. అర్థము తెలియకున్నను పేరు పనిచేయును. అర్థము తెలిసినచో పేరు వెనుక నున్న మనుష్యులు కనబడుదురు. నిర్వచనమునకు ప్రయోజనమింతియే.

పొరుగూళ్ళ సాక్ష్యము

రేపల్లెను ఒంటరిగా విచారింపక చుట్టునున్న పేర్లతో చేర్చి చూచినచో విషయము మరింత స్పష్టమగును. తెనాలినుండి రేపల్లెకు పోవు శాఖారైలుమార్గమున భట్టిప్రోలు తగులును. 1892లో అలెగ్జాండరు రే యనునాయన అచటి స్తూపమును త్రవ్వించి ధాతుకరండములను వెలికి తీసెను. వానిమీది లేఖనములు క్రీస్తునకు పూర్వమునాటివి. ఆ పేరులోని ప్రోలు శబ్దమునకు నగరమని యర్థము. ఆ ప్రోలు శబ్దమే చందవోలులో వోలుగా మారినది. పండ్రెండవ శతాబ్దిలో వెలనాటి చోడుల రాజధాని యైన ఆ యూరు సంస్కృతమున ధనదపురము, తెలుగున సనదవ్రోలు, జనులకు చందవోలు. ప్రోలు గసడదవాదేశరీతిని వ్రోలు, రేఫలోపముచే వోలు. ఇచట వ్రకారములో నిలిచినది వకారము, రేపల్లెలో నిలిచినది రేఫము. రెండు మార్గములును ఒకే సీమలో, కొద్ది క్రోసుల దూరములో కనబడుచున్నవి. నేను పైన చెప్పిన సమాధానమునకు ఇంతకంటె చక్కని సాక్ష్యము దొరకదు.

బాపట్ల పేరు దేవతానామమూలకము. భావనారాయణస్వామి వెలసిన భావపురియే బాపట్ల యని పెద్దలు చెప్పుదురు. మహాప్రాణము అల్పప్రాణమగుట, నడిమి వకారము జారుట తెలుగునోట సహజములే. కాని విద్వత్సభల పత్రములలో భావపురి యని వ్రాయుదురు, బండి యెక్కువాడు బాపట్ల యనును. 1913లో ప్రథమాంధ్రమహాసభ జరిగినది బాపట్లలో నని చరిత్ర చెప్పునే గాని భావపురిలో నని చెప్పదు. పొన్నూరు స్వర్ణపురి యగుట వేరొక తెగ. పొన్ను బంగారము గావున అది యనువాదము. భావపురి దేవతామూలకము, స్వర్ణపురి యనువాదము, ధనదపురము ధ్వనిచ్ఛాయ గలది. సంస్కృతీకరణమునకు ఈ మూడు దారులును మన కన్నులయెదుటనే యున్నవి.

తెనాలి విషయమున ఒక జాగ్రత్త చెప్పవలెను. నేడు పట్టణమున మూడు కాలువలు పారుచున్నవి గదా యని నాళ శబ్దముతో ముడిపెట్టి నిర్వచింప నెవరికైన బుద్ధి పుట్టవచ్చును. ఆ కాలువలు ఆనకట్టకు తరువాతివి. పాండురంగమాహాత్మ్యకర్తయైన రామకృష్ణకవి పదునారవ శతాబ్దివాడు, ఆయన యింటిపేరే తెనాలి. కాలువలకు మూడువందల యేండ్ల ముందు పేరున్నది. కారణము కార్యమునకు పూర్వముండవలెనను తార్కికనియమమును ఊళ్ళ పేర్ల విషయమున మరువరాదు.

అన్యదేశ దృష్టాంతము

ఈ చిక్కులు మనకు మాత్రమే కలవని తలపరాదు. ఐర్లండు దేశమున ఊళ్ళ పేర్లు ఐరిష్ భాషలోనివి. 1824లో ఆరంభమైన భూమికొలతలో ఆ పేర్లను ఆంగ్లలిపిలో ఆంగ్లుల నోటికి అనువుగా వ్రాసిరి. ఆ పనిలో నుండిన జాన్ ఓడోనవన్ అను పండితుడు ఊరూర తిరిగి, వృద్ధులు పలుకు ఉచ్చారణమును, పాతవ్రాతలను పోల్చి మూలరూపములను నిర్ణయించుటకు పాటుపడెను. ఒక ద్వీపము పేరు ఇనిష్‌బోఫిన్. ఆంగ్లమున నది అర్థరహితధ్వని. ఐరిష్ భాషలో తెల్లయావు ద్వీపమని యర్థము. ఆవు పేరులో దాగియుండుట, పలుకువారికి తెలియకపోవుట, రేపల్లె స్థితి యచ్చముగా నిదియే.

ఆ దేశమున వందలకొలది ఊళ్ళ పేర్లకు మొదట 'బ్యాలీ' యనునది కనబడును. ఊరను నర్థముగల 'బల్యె' శబ్దమునకది యాంగ్లరూపము. వినగానే మన పల్లె స్ఫురించును. ఇట్టి స్ఫురణమే నిర్వచనమునకు శత్రువు. అర్థమును ధ్వనియు కొంత కలిసినంత మాత్రమున రెండు భాషల మాటలు చుట్టములు కావు. ఒక శబ్దము మరియొకదానికి సోదరమని చెప్పవలెనన్న, పెక్కు శబ్దములలో నదే యక్షరమున కదే మార్పు క్రమముగా కనబడవలెను. విరల్, వ్రేలు అను జంటకు తోడు వరుసగా జంటలు దొరకుచున్నవి. పల్లె, బల్యె అను జంట యొంటరిది.

ప్రయోగ నిర్ణయము

ఇక ఆచరణకు వత్తము. సంస్కృతమున పత్రములు, శ్లోకములు రచించు విద్యార్థులు రేపల్లెను ఎట్లు వ్రాయవలెను? ఊరిని నిర్దేశించుటయే ప్రయోజనమైనచో 'రేపల్లీ' యని సంజ్ఞారూపముగానే వాడుట యుత్తమము. సంజ్ఞ లోకసిద్ధము గావున దానిని అనువదింపనక్కరలేదు. అర్థమును ధ్వనింపజేయవలెనన్న గోపపల్లీ, ఆభీరపల్లీ శబ్దములను విశేషణముగా చేర్చవచ్చును. నందవ్రజమని వ్రాయుట మాత్రము తగదు. అది మరియొక దేశపు పేరు. 'నిశాపల్లీ' యనునది సర్వథా అపశబ్దార్థము. నా పత్రమును చూచి వాడినవారెవరైన ఉన్నచో ఈ వ్యాసమును చూచి విడువవలెనని ప్రార్థన.

తెలుగున వ్రేపల్లె యని వ్రాసినచో భాగవతములోని గోకులమును, రేపల్లె యని వ్రాసినచో ఈ పట్టణమును గ్రహించుట సౌకర్యముగా నుండును. ఇది నియమము కాదు, సూచన మాత్రమే. పాటలలో రేపల్లె యన్నచో రాధాకృష్ణులు స్ఫురింతురు, బండి టిక్కెట్టులో రేపల్లె యన్నచో గుంటూరుసీమ స్ఫురించును. ప్రకరణముచే నర్థము తేలును.

పరిపాలనము మారినను పేరు మారదనుటకు మన కాలమే సాక్షి. 2022 ఏప్రిల్ 4వ తేదీన కొత్తజిల్లాలు ఏర్పడగా రేపల్లె బాపట్ల జిల్లాలోనికి పోయినది, తెనాలి గుంటూరు జిల్లాలోనే నిలిచినది. ఒకే రైలుమార్గమున ఆ కొస, ఈ కొస వేరువేరు జిల్లాలైనవి. పేర్లకు మాత్రము జిల్లా లేదు.

ఉపసంహారము

కడపజిల్లా ఊళ్ళ పేర్లను గూర్చి కేతు విశ్వనాథరెడ్డిగారును, నెల్లూరుజిల్లా గ్రామనామములను గూర్చి యార్లగడ్డ బాలగంగాధరరావుగారును చేసిన పరిశోధనలు మనకు మార్గదర్శకములు. ప్రాచ్యకళాశాలల విద్యార్థులు ఈ తీరసీమలోని పేర్లను అట్లే సేకరింపవలెను. ఊళ్ళ పేర్లు పలకలమీద, దస్తావేజులలో నిలుచును. పొలముల పేర్లు, దొరువుల పేర్లు, దిబ్బల పేర్లు, పాయల పేర్లు మాత్రము వృద్ధుల నోళ్ళలోనే యున్నవి. నేడవి సర్వేనంబరులైనవి. వానిని పలుకువారు తరలిపోయినచో తరువాత ఏ నిఘంటువును వానిని తిరిగి యీయజాలదు.

సేకరించునపుడు రెండు నియమములు పాటింపుడు. విన్న రూపమును విన్నట్లే వ్రాయుడు, దిద్దకుడు. చెప్పినవానిని నిరక్షరుడని త్రోసివేయకుడు. నాడు సభలో వెనుక వరుసనుండి లేచిన యా వృద్ధుని పేరేమో నేనడుగలేదు. ఆయన యే వృత్తివాడో, ఎవరివద్ద విని యా యర్థమును చెప్పెనో యు నడుగలేదు. పుస్తకములలో నున్న 'వ్రే' శబ్దము ఆ నోట అర్థరూపమున నెన్ని తరములు నిలిచెనో తెలిసికొను నవకాశము నా అహంకారమువలన జారిపోయినది. మరుదినమే తిరిగి రేపల్లె పోయి ఆయనను వెదకియుండవలసినది. తెనాలి బండి యెక్కి వచ్చితిని. ఆ లోటును ఈ వ్యాసము పూరింపజాలదు. మీకట్టివాడు తటస్థించినపుడు మీరు పేరడిగి, కూర్చుండబెట్టి, వ్రాసికొనుడు.